ఘంటసాలవారి గీత

పామిడిముక్కల చుట్టుపట్ల పల్లెలలో ధ్వని మిక్కిలి దూరము ప్రయాణము చేయును. కొండలు లేవు, గుట్టలు లేవు. కాలువగట్టుమీది తుమ్మచెట్లు తప్ప అడ్డువచ్చునది లేదు. ఉదయవేళ ఏ దిక్కునుండియో మైకులో ఘంటసాలవారి కంఠము సంస్కృత శ్లోకమును అందుకొన్నదనగా, నారుమడిలో వంగియున్న మనిషి నడుమెత్తి ఆ వైపు చూచును. పాట ఏదని అడుగడు, పాడినవారెవరని అడుగడు. "ఎవరు పోయారు?" అని మాత్రమే అడుగును.

ఇదే కంఠము 'మాయాబజార్' చిత్రములో వెన్నెల పడవమీద పాడినపుడు అదే మనిషి పనిచేయుచునే కూనిరాగము తీయును. 'దేవదాసు' పాట వినవచ్చినచో చేతిపని ఆపి కొంత సేపు నిలుచును. ఒక్క భగవద్గీతకు మాత్రము ఉలికిపడును. ఇంటిలో ఎవరైన చిన్నవాడు తెలియక ఆ గీతను మ్రోగించినచో వంటయింటిలోనుండి "ముందది ఆపు నాయనా, పొద్దున్నే శుభమా అని!" అన్న కేక వినవచ్చును. ఒక మహాగాయకుడు తన తుదిదినములలో, దేహము సహకరింపకున్నను, ఎంతో ప్రీతితో ధ్వనిముద్రణము చేసిన కృతి ఆయన పుట్టిన సీమలోనే చావుకబురుగా మారినది. ఎట్లు మారినదో, ఆ మార్పులో తెలుగువారు పోగొట్టుకొన్నదేమో విచారింపదగినదే.

మొదట రికార్డు సంగతి. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున గ్రామఫోను రికార్డనగా నిమిషమునకు 78 చుట్లు తిరుగు నల్లని లక్కపళ్లెము. ఒక్కొక్క ప్రక్కకు మూడు, మూడున్నర నిమిషములకు మించి పాట పట్టదు. రాగమును విప్పి చూపుటకు చోటు లేదు; గాయకుడు ఒక కన్ను గడియారముమీద ఉంచి పాడవలసినదే. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33 పైచిలుకు చుట్లు మాత్రమే తిరుగు రికార్డును వెలువరించినది. జనులు దీనినే ఎల్పీ అని పిలిచిరి. ఒక్కొక్క ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా సంగీతము పట్టుటచేత పాశ్చాత్య దేశములలో 'ఆల్బము' అను నూతన ప్రక్రియకు బలము చేకూరినది. ఇది విడివిడి పాటల మూట కాదు. ఒక గాయకుడు స్టూడియోలో దినములు, వారములు కూర్చుండి, ఏది ముందో ఏది వెనుకో యోచించి కూర్చు కృతి. కవికి కావ్యమెట్టిదో గాయకునికి ఆల్బము అట్టిది.

ఈ ప్రక్రియ సామాన్య గృహముల బిడ్డలను ఎంత దూరము కొనిపోయినదో తెలియుటకు వేల్సు దేశమువైపు ఒకమారు చూడవచ్చును. బ్రిటను పడమటి అంచున, బొగ్గుగనుల లోయలతో నిండిన చిన్న దేశమది. ప్రార్థనామందిరములలో గనికార్మికులు గొంతులు కలిపి పాడుట అక్కడ తరతరాల అలవాటు. ఆ దేశమున స్క్యూయెన్ అను ఊర 1951లో ఒక గనికార్మికుని యింట జన్మించిన బాలిక, బానీ టైలర్ అను పేరుతో పాప్, రాక్ బాణీల గాయనియై 1977లో తొలి ఆల్బమును వెలువరించినది. ఆ యేడే ఆమె స్వరపేటికలో బుడిపెలు లేచి శస్త్రచికిత్స అవసరమైనది. కొంతకాలము నోరు మెదపరాదని వైద్యులు ఆదేశింపగా, ఆమె ఒకనాడు విసుగు పట్టలేక అరచినది. దానితో గొంతు శాశ్వతముగా బొంగురుపోయినది. పాటగత్తెకు అంతకుమించిన ఆపద వేరొకటి లేదు. కాని ఆ బొంగురే ఆమె ముద్రయై లోకమంతట పేరు తెచ్చినది. 1983లో వెలువడిన ఆమె ఆల్బము బ్రిటనులో ప్రథమస్థానమును అందుకొన్నది. దెబ్బతిన్న గొంతులోనుండియే మేలైన కృతి వెలువడవచ్చునని చెప్పుటకు ఈ ఉదాహరణము చాలును. ఘంటసాలవారి గీతను వినునపుడు ఈ సంగతి అక్కరకు వచ్చును.

తెలుగునాట ఈ 'ఆల్బము' అను భావము ఆలస్యముగా వచ్చినది. ఇక్కడ గాయకుని కృషిలో అధికభాగము సినిమా సొత్తు. పాట కవిది, బాణీ సంగీత దర్శకునిది, తెరమీది ముఖము నటునిది; గాయకునికి మిగులునది గొంతు. తనదని చెప్పుకొనదగినవి 'ప్రైవేటు పాటలు' అని జనులు పిలిచిన కొన్ని రికార్డులు మాత్రమే. అట్టి స్థితిలో ఒక సినీగాయకుడు సినిమా ప్రసక్తి లేకుండ, మొదటినుండి తుదివరకు ఒకే గ్రంథమును చేపట్టి, బాణీ తానే కట్టి, శ్లోకము తానే పాడి, తాత్పర్యము తానే చెప్పి రికార్డు చేయుట చిన్న సాహసము కాదు.

ఆ సాహసమునకు పునాది పడినది కృష్ణాడెల్టాలోనే. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ ప్రాంతమునందలి చౌటపల్లిలో జన్మించిరి. ఇంటిపేరు ఒక ఊరిపేరు: దివిసీమ దారిలో, బౌద్ధస్తూపమునకు ప్రసిద్ధికెక్కిన ఘంటసాల గ్రామమది. రెండవ శతాబ్దిలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ తన గ్రంథమున పేర్కొన్న రేవుపట్టణము ఇదేనని చరిత్రకారులు చెప్పుదురు. అంతటి పాతపేరును వర్తమానకాలమున ఇంటింటికిని చేర్చినది ఒక పాటగాని గొంతు అనుట వింతయే.

తండ్రి సూరయ్యగారు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండెడివారు. భుజముమీద ఎక్కించుకొని తీసికొనిపోయిన పసివాడు తండ్రి పాటకు అడుగులు వేయుచుండగా జనులు ముచ్చటపడి చూచెడివారట. తరంగమనగా ఆ సీమలో కేవలము భజనగీతము కాదు. పామిడిముక్కలకు పొరుగుననే మొవ్వ ఉన్నది. క్షేత్రయ్య పదములు పుట్టుటకు కారణమైన గోపాలుడు అక్కడివాడే. ఆ ప్రక్కనే కూచిపూడి. అక్కడి భాగవతులు ఇత్తడి పళ్లెరము అంచుమీద పాదములుంచి ఆడునది ఈ తరంగమునకే. దివిసీమలోని పెదకళ్లేపల్లి సంగీత విద్వాంసుల ఊరు. 'నర్తనశాల' చిత్రమునకు సంగీతము కూర్చిన సుసర్ల దక్షిణామూర్తిగారు అచ్చటివారు. బందరు హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు తెలుగు పండితులుగా ఉండి పాఠము చెప్పిరి. వారును దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును కలిసి రచించిన పాండవ నాటకముల పద్యములు పొలముగట్లమీద సైతము వినవచ్చెడివి. చదువురాని పాలేరుకూడ రాయబార ఘట్టమున కృష్ణుడేమన్నాడో గొంతెత్తి చెప్పగలిగిన నేల అది. అట్టి నేలలో పెరిగినవానికి కృష్ణుడు పుస్తకములోని దేవుడు కాడు. ఊరి రంగస్థలముమీద మాటలాడు మనిషి.

తండ్రి బాల్యములోనే గతించెను. సంగీతము మిక్కిలి గొప్ప విద్య అనియు, దానిని సాధింపవలెననియు ఆయన మరణశయ్యమీద కుమారునితో చెప్పినట్లు ఘంటసాలవారి జీవితమును వ్రాసినవారెల్లరు పేర్కొందురు. మేనమామగారి ప్రాపున పెరుగుచున్న బాలుడు కొంతకాలమునకు చేతి ఉంగరమును అమ్మి, ఆ సొమ్ముతో విజయనగరమునకు రైలెక్కెను. అప్పటికి అక్కడి సంగీత కళాశాల పెద్దపేరు గలది; 1919లో స్థాపితమైనది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు. చేరబోయిన వేళకు కళాశాలకు వేసవి సెలవులు. తిండికి దారి లేదు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలునికి ఆశ్రయమిచ్చి, ప్రతిఫలము కోరక విద్య నేర్పిరి. వారి ఇంట సంగీతమునకు లోటు లేదు గాని ధాన్యమునకు లోటే. అందుచేత శిష్యుడు జోలె కట్టుకొని మధుకరమునకు బయలుదేరెను. వీధివీధి తిరిగి భిక్షాన్నము తెచ్చుకొని చదువుకొనుట ఆ దినములలో పేద విద్యార్థులకు పరిపాటియే. అయినను తొలినాటి ఇంటి గుమ్మము ముందు నిలుచుటలో ఎంత కష్టమున్నదో అనుభవించినవారికే ఎరుక. పట్టభద్రుడై సంగీత విద్వాన్ అనిపించుకొన్న పిమ్మట 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని, పదునెనిమిది నెలలు బళ్లారి సమీపమున అల్లీపురము చెరసాలలో గడిపెను.

మద్రాసుకు పోయిన తరువాతి కథ తెలుగువారెల్లరు ఎరిగినదే. సముద్రాల రాఘవాచార్యులుగారి ప్రోత్సాహము, రేడియో పాటలు, చిత్రములలో బృందగానములు. ఆ పిమ్మట 1951లో 'పాతాళభైరవి', 1953లో 'దేవదాసు', 1957లో 'మాయాబజార్'. 1970లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదము నిచ్చినది. మరుసటి సంవత్సరము ఐరోపా, అమెరికాలలో కచేరీలు. ఇవి ఎన్నియో పుస్తకములలో ఉన్నవి. గీతకు దారితీసినది మాత్రము సినిమాపాట కాదు, పద్యము. అచ్చట కొంచెము నిలువవలెను.

నాటకములలో పద్యము పాడు పద్ధతి ఒకటి ఉండెడిది. హార్మోనియము ముందుగా రాగమును పరచును. నటుడు పద్యమును ఎత్తుకొని, ఒక్కొక్క పాదము చివర రాగమును సాగదీసి సాగదీసి, ప్రేక్షకులు 'వన్స్‌మోర్' అనువరకు వదలడు. ఆ సంగీతములో ప్రతిభ లేదని ఎవరును అనలేరు. కాని పద్యములోని మాట ఆ రాగప్రవాహమున మునిగిపోవుచుండెడిది. క్రియ ఒక తీరమున, కర్త మరొక తీరమున! ఘంటసాలవారు ఆ పద్ధతిని ఎరిగి పెరిగినవారై యుండియు దానిని మార్చిరి. రాగము నీడవలె వెంటనుండును గాని మాటకు ముందు నడువదు. విరుపు అర్థమునుబట్టి వచ్చును. సమాసము పొడవైనచో ఊపిరిని దాచుకొని దానిని ముక్కలు కాకుండ దాటించును. ఆలాపన ఎచట కావలెనో అచటనే, అదియు క్లుప్తముగా. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపము' రికార్డు ఇందులకు నిదర్శనము. కోయవచ్చిన చేతిని చూచి పూవు మొరపెట్టుకొనుటయే ఆ ఖండిక విషయము. దానిని అచ్చులో చదివినవారు వేలలో ఉందురు. ఘంటసాలవారి గొంతులో విన్నవారు లక్షలలో ఉందురు. ఛందస్సు పేరు తెలియనివారుకూడ ఆ పద్యములను తప్పులేకుండ అప్పగించిరనగా, ఆ ఉచ్చారణము ఎంతటి పాఠమో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

భగవద్గీత ఈ పద్యవిద్యకు పరాకాష్ఠ. 1972 నాటికి ఘంటసాలవారికి గుండెజబ్బు బయటపడినది. అంతకుముందే మధుమేహము పీడించుచుండెను. ఆసుపత్రినుండి వచ్చి మరల పాడిరి గాని గొంతులో పూర్వపు పరుగు తగ్గినది. గీతను రికార్డు చేయవలెనన్న కోరిక ఆ కాలమున ఆయనకు బలపడినది. అది పూర్తియైన పిమ్మట సినిమాపాటలు మానుకొందునని ఆయన అనుకొన్నట్లు చెప్పుదురు. సంగీత సహాయకులుగా ప్రక్కన నిలిచినవారు పట్రాయని సంగీతరావుగారు: జోలె పట్టిన నాడు అన్నమునకు బదులు విద్యనిచ్చిన గురువుగారి కుమారులే! 1920లో జన్మించి 2021లో నూటయొకటవ యేట గతించిన ఈ విద్వాంసుడు, కూచిపూడివారైన వెంపటి చినసత్యముగారి నృత్యరూపకములకును సంగీతము కూర్చినవారు. విజయనగరమున మొదలైన ఋణానుబంధము మద్రాసు స్టూడియోలో ఇట్లు కొనసాగినది.

గీతలో ఏడువందల శ్లోకములున్నవి. అన్నియు పాడుట ఆనాటి రికార్డు పరిమాణమునకు సాధ్యము కాదు. పదునెనిమిది అధ్యాయములలోనుండి నూటికి పైబడిన శ్లోకములను ఏరి, ఒక్కొక్క శ్లోకమును పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యము చెప్పుట ఆ రికార్డు పద్ధతి. చెప్పినది తేలికమాట, చేసినది కష్టపు పని. శ్లోకము పాట, తాత్పర్యము మాట. పాటనుండి మాటకు దిగునపుడు సామాన్యముగా మెట్టు తప్పిన చప్పుడగును. ఇక్కడ అట్టిది వినరాదు. శ్లోకము ముగిసిన శ్రుతిలోనే మాట మొదలగును. మాట ముగిసిన చోటనే మరు శ్లోకము లేచును. గురువు పాఠము చెప్పినట్లుండును గాని పౌరాణికుడు సభను ఆకట్టుకొన జూచినట్లుండదు. తాత్పర్యపు తెనుగు గ్రాంథికచ్ఛాయ గలది. నేటి విద్యార్థికి కొన్ని సమాసములు కొరుకుడు పడకపోవచ్చును. ఏరినవి గాక విడిచిన శ్లోకములలో మేలైనవి ఉన్నవని పండితులు పెదవి విరిచినచో అదియు న్యాయమే. కాని నూరు శ్లోకములతో గ్రంథము నడకను మొదటినుండి తుదివరకు చెడకుండ నిలుపుటయే అసలు పరీక్ష. ఆ పరీక్షలో ఈ కృతి నెగ్గినది.

గొంతు సంగతి చెప్పవలెను. 'పాతాళభైరవి' నాటి కంచుగంట ఇందులో లేదు. పైస్థాయికి ఎగురవలసిన చోట ఆయన ఎగురలేదు, చుట్టి వచ్చెను. ఆ తగ్గు స్థాయి ఈ విషయమునకు ఎంత చక్కగా అమరినదో! గీత గర్జించి చెప్పినది కాదు. రెండు సేనల నడుమ నిలిచిన రథముమీద, చేతులు వణికి విల్లు జారవిడిచి కూలబడిన స్నేహితునితో, ప్రక్కన కూర్చున్నవాడు చెప్పిన మాట. యౌవనపు గొంతుతో ఆయన దీనిని పాడియుండినచో మరింత రంజకముగా ఉండెడిదేమో. ఇంత నమ్మకముగా ఉండెడిది కాదు. వేల్సు గాయని బొంగురును తలచుకొనుట ఇందులకే. గొంతు పోగొట్టుకొన్నది వేరు, గొంతు తెలుసుకొన్నది వేరు.

1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాలవారు మద్రాసులో కన్నుమూసిరి. గీత రికార్డు జనుల చేతికి అందినది ఆ తరువాతనే. చావుతో దీనికి కలిగిన మొదటి సంబంధము ఇదియే కాబోలు. దానిని తొలిసారి విన్న తెలుగువారు, పోయిన మనిషి గొంతుగా విన్నారు. అప్పటికి ఇంకను కన్నీరు ఆరలేదు. ఆ గొంతు, పుట్టినవానికి మరణము తప్పదనియు, చినిగిన వస్త్రమును విడిచి కొత్తది కట్టినట్లు ఆత్మ దేహమును మార్చుననియు చెప్పుచుండగా, వినువారికి అది గీత మాత్రమే కాక గాయకుడు తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాటగా తోచియుండును.

రెండవ కారణము పల్లెటూరి ఆచారములో ఉన్నది. చావు జరిగిన యింట మౌనము భరింపరానిది. పూర్వము ఆ మౌనమును నింపుటకు భజనబృందము వచ్చెడిది. తెల్లవార్లు తత్త్వములు పాడెడివారు. పది దినములలో గరుడపురాణము చదివించుట కొన్ని ఇండ్ల అలవాటు. 1980 దశకమున క్యాసెట్టు చవకయై మైకుసెట్టు ప్రతి ఊరికిని వచ్చిన పిమ్మట, తత్త్వములు పాడువారు ఒక్కరొక్కరే తగ్గిపోయిరి. వారి స్థానమును నింపునది ఏదియో కావలసివచ్చినది. సినిమాపాట వేయరాదు. వట్టి సుప్రభాతము తగదు. ఇంట నున్నవారు ఓదార్పు పొందవలెను, వచ్చినవారు మాటలాడక కూర్చుండవలెను. అర్థము తెలుగులో ఉండవలెను. గొంతు తెలిసిన గొంతై ఉండవలెను. ఇన్నియు ఒక్కచోట కుదిరినది ఘంటసాలవారి గీతలోనే. షామియానా వేయువాడు కుర్చీలతోపాటు ఆ క్యాసెట్టునుకూడ తెచ్చుట మొదలుపెట్టెను. పట్టణములలో శవవాహనములు వచ్చిన తరువాత వానిలోను అదే. ఇందులో ఎవరి తప్పును లేదు. దుఃఖములో నున్నవారికి ఆ గొంతు చేసిన మేలు లెక్కింపరానిది. ఒక కృతికి ఇంతకంటె గొప్ప నియోగమేమి కావలెనని అడుగువారికి బదులు చెప్పుట సులభము కాదు.

అయినను నష్టము నష్టమే. ఒక కృతిని ఒకే సందర్భమునకు కట్టివేసినపుడు మిగిలిన సందర్భములన్నియు దానికి మూతపడును. గీతలో చావును గూర్చి చెప్పిన మాటలు ప్రధానముగ రెండవ అధ్యాయమునకు చెందినవి. మిగిలినదంతయు బ్రతికియున్నవాని సంగతి: పని చేయుట ఎట్లు, ఫలము మీద దృష్టి లేక చేయుట ఎట్లు, కోపము బుద్ధిని ఏ వరుసలో చెరచును, మితముగా తినుట, మితముగా నిద్రించుట. అంతెందుకు, ఆ సంభాషణకు కారణమే ఒకడు పని మానుకొని కూర్చుండుట! పరీక్షకు భయపడి మంచము పట్టిన విద్యార్థికి, ఊరు మారుటకు వెనుకాడుచున్న యువకునికి అర్జునుని మొదటి అధ్యాయపు తడబాటు తెలిసినంతగా మరియొకరికి తెలియదు. వారే ఆ రికార్డును ఇంట వినలేని పరిస్థితి. పదునారేండ్ల బాలుడు దానిని విన్నది ఎక్కడ అని అడిగినచో, తాతగారు పోయిన నాడు అనియే చెప్పును. ఆనాడు అతడు విన్నది గీత కాదు. దాని వెనుకనున్న ఏడుపు.

ఉపాధ్యాయులకు ఈ రికార్డు మరియొక విధముగ అక్కరకు వచ్చునది. మతబోధగా కాదు, తరగతిలో అన్ని మతముల పిల్లలుందురు. భాషాపాఠముగా. అనుష్టుప్పులో పాదమునకు ఎనిమిది అక్షరములు. ప్రతి పాదమున అయిదవది లఘువు, ఆరవది గురువు. ఏడవది బేసి పాదములలో గురువు, సరి పాదములలో లఘువు. ఈ సూత్రమును నల్లబల్లమీద వ్రాసి గురులఘువులు గుర్తించుమన్నచో నలువది మందిలో నలుగురికి అబ్బును. ఘంటసాలవారు ఒక శ్లోకమును పాడుచుండగా వ్రేళ్లమీద లెక్కపెట్టుమన్నచో నలువదిమందికిని అబ్బును. వస్త్రముతో ఆత్మను పోల్చిన ప్రసిద్ధ శ్లోకమునకు వచ్చుసరికి లెక్క తప్పును. పిల్లలు గలిబిలి పడుదురు. తప్పినది వారు కాదు. అది పాదమునకు పదునొకండు అక్షరములు గల వృత్తము. గ్రంథకర్త అచ్చట నడక మార్చినాడని పిల్లలు చెవితోనే కనిపెట్టినపుడు కలుగు సంతోషమును ఏ పాఠ్యపుస్తకమును ఈయజాలదు. ఇక విసర్గము, ఒత్తక్షరము, శషసల భేదము: ఇవి నేడు చాల నోళ్లలో కలిసిపోవుచున్నవి. వీనిని విడివిడిగా వినుటకు ఆ గొంతుకంటె మంచి సాధనము తెలుగున అరుదు.

కొన్ని ఇండ్లలో మార్పు లేకపోలేదు. డెల్టానుండి ఉద్యోగములకు దూరదేశములు పోయిన కుటుంబములలో, ఊరి మైకు చప్పుడు వినని పిల్లలు కొందరు సెల్‌ఫోనులో ఈ గీతను వినుచున్నారు. వారికి అది ఎవరి చావునూ గుర్తు చేయదు. సెలవులకు అమ్మమ్మగారి ఊరు వచ్చినపుడు అదే గీతను తెల్లవారి వసారాలో పెట్టినచో ఇల్లంతయు ఎందుకు కంగారుపడినదో వారికి బోధపడదు.

పామిడిముక్కల ప్రాంతపు పల్లెలలో చావు జరిగిన యింట రికార్డు మొదటినుండియే మొదలగును. రథము రెండు సేనల నడుమకు వచ్చును. అర్జునుడు విల్లు జారవిడుచును. కృష్ణుడు మాటలాడుట మొదలుపెట్టును. బంధువులు ఒక్కొక్కరే వచ్చి కుర్చీలలో కూర్చుందురు. దూరపు ఊరినుండి రావలసిన కొడుకు వచ్చును. స్నానములు, పసుపునీళ్లు, పాడె. పురోహితుడు తొందరపెట్టును. అప్పటికి గీత పదియవ అధ్యాయమో పదునొకండవదో నడుచుచుండును. శవమును ఎత్తగానే డప్పులు మొదలగును గనుక మైకువాడు మీట నొక్కి ఆపివేయును. పదునెనిమిదవ అధ్యాయమున అర్జునుడు లేచి, తన మోహము పోయినదనియు, చెప్పినట్లు చేయుదుననియు పలుకు మాట చాలసార్లు ఆ యింట ఎవరికిని వినబడదు.